పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: పదమూడు జట్ల పిచర్ ఒక్టావియో డోటెల్

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మేము వెళ్లినప్పుడు బేస్‌బాల్ ఆటకు తీసుకువెళ్లాడు. బంతి వేసేవాళ్లు ఒకరి తరువాత ఒకరు నలుగురైదుగురు మారారు. ఒకప్పుడు ఈ ఊరి జట్టులో పదమూడు జట్లు తిరిగిన పిచర్ ఒకాయన ఉండేవాడని, చాలా మంచి ఆటగాడని మా వాడు చెప్పాడు. పన్నెండు జట్లు వదిలించుకున్నవాడు మంచి ఆటగాడు ఎలా అవుతాడో నాకు బోధపడలేదు.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పినది ఒక్టావియో డోటెల్ గురించి. డొమినికన్ రిపబ్లిక్ రాజధాని శాంటో డొమింగోలో 1973 నవంబరు 25న పుట్టిన ఇతడితో 1993లో న్యూయార్క్ మెట్స్ జట్టు ఒప్పందం చేసుకుంది. ఆరేళ్ల పాటు దిగువ స్థాయి లీగుల్లో ఆడిన తరువాత 1999 జూన్‌లో అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, 2013 ఏప్రిల్ వరకు కొనసాగాడు. మెట్స్ తరువాత హ్యూస్టన్ ఆస్ట్రోస్, ఓక్లాండ్ అథ్లెటిక్స్, న్యూయార్క్ యాంకీస్, కాన్సాస్ సిటీ రాయల్స్, అట్లాంటా బ్రేవ్స్, షికాగో వైట్ సాక్స్, పిట్స్‌బర్గ్ పైరేట్స్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, కొలరాడో రాకీస్, టొరంటో బ్లూ జేస్, సెయింట్ లూయిస్ కార్డినల్స్, డెట్రాయిట్ టైగర్స్ జట్ల తరఫున ఆడాడు. 2012 ఏప్రిల్‌లో డెట్రాయిట్ చొక్కా వేసుకుని మైదానంలోకి దిగిన రోజున, అంతకుముందు ముగ్గురి పేరిట ఉన్న పన్నెండు జట్ల రికార్డు చెరిగిపోయింది.

ఇక మీ సందేహం. అన్ని జట్లూ అతడిని వదిలించుకున్నాయనడం సగమే నిజం. ఒక జట్టు వదులుకున్న ప్రతిసారీ మరో జట్టు డబ్బో, పనికివచ్చే ఆటగాళ్లనో ఇచ్చి అతడిని తీసుకుంది. ఆ ఇచ్చినదేమిటో చూస్తే అతడి విలువ తెలుస్తుంది. 1999 డిసెంబరులో హ్యూస్టన్ జట్టు ఆ సీజన్‌లోనే 22 ఆటలు గెలిపించిన మైక్ హాంప్టన్‌ను, అతడితో పాటు డెరెక్ బెల్‌ను మెట్స్‌కు ఇచ్చి, డోటెల్‌నూ మరో ఇద్దరినీ తీసుకుంది. 2004 జూన్‌లో అదే హ్యూస్టన్ మూడు జట్ల మధ్య జరిగిన మార్పిడిలో డోటెల్‌ను ఓక్లాండ్‌కు పంపి కార్లోస్ బెల్ట్రాన్‌ను సంపాదించింది. బెల్ట్రాన్ ఆ తరంలో పేరుపడ్డ బ్యాటర్లలో ఒకడు. పనికిరానివాడిని చూపించి అలాంటి ఆటగాడిని ఎవరూ తెచ్చుకోలేరు.

డోటెల్ లాంటి రిలీఫ్ పిచర్లు, అంటే ఆట మధ్యలో వచ్చి బంతి వేసేవాళ్లు, ఇంతగా ఊళ్లు మారడానికి లీగు నడిచే తీరే అసలు కారణం. సీజన్‌లో ఒక్కొక్క జట్టు 162 ఆటలు ఆడాలి. జూలై నెలాఖరుకు ఏ జట్టుకు అవకాశం ఉందో, ఏ జట్టు పని అయిపోయిందో దాదాపుగా తేలిపోతుంది. ఆటగాళ్ల మార్పిడికి గడువు కూడా సరిగ్గా అప్పుడే వస్తుంది. బేస్‌బాల్ ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. వెనుకబడ్డ జట్టుకు ఏడో ఇన్నింగ్స్‌లోనో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనో ఆధిక్యాన్ని కాపాడే అనుభవజ్ఞుడితో పని ఉండదు, ఎందుకంటే కాపాడడానికి ఆధిక్యమే ఉండదు. పోటీలో ఉన్న జట్టుకు మాత్రం అతడు ఆ రెండు మూడు నెలలకూ అత్యవసరం. కాబట్టి మొదటి జట్టు అతడిని ఇచ్చి కుర్ర ఆటగాళ్లను తెచ్చుకుంటుంది, రెండో జట్టు కుర్రవాళ్లను ఇచ్చి అతడిని తెచ్చుకుంటుంది. వరికోత యంత్రం పంట ఎక్కడ పండితే ఆ ఊరికి వెళ్లినట్టే ఇది. డోటెల్ 2007 జూలై 31న కాన్సాస్ సిటీ నుంచి అట్లాంటాకు, 2010 జూలై 31న పిట్స్‌బర్గ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు, 2011 జూలై 27న టొరంటో నుంచి సెయింట్ లూయిస్‌కు మారాడు. 2010లో అయితే అది కూడా చాలలేదు. సెప్టెంబరులో డాడ్జర్స్ అతడిని కొలరాడోకు అప్పగించడంతో ఒకే సీజన్‌లో మూడు జట్ల చొక్కాలు వేసుకున్నాడు.

క్రికెట్ నుంచి ఉదాహరణ కావాలంటే ఆరన్ ఫించ్‌ను తీసుకోవచ్చు. ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ హైదరాబాద్‌తో కలిపి తొమ్మిది జట్లకు ఆడాడు. ఆయనే 2021లో ఆస్ట్రేలియాకు టీ20 ప్రపంచకప్ తెచ్చిపెట్టిన కెప్టెన్. అయితే ఐపీఎల్‌లో చాలా మార్పులు వేలంపాటలో జరుగుతాయి. బేస్‌బాల్‌లో అయితే సీజన్ మధ్యలో, ఒక్కోసారి ఆట మొదలయ్యే కొన్ని గంటల ముందు, పెట్టె సర్దుకోమని చెబుతారు.

జట్ల లెక్క చమత్కారానికి బాగుంటుంది గాని, డోటెల్‌ను కొలవడానికి అది సరైన కొలబద్ద కాదని నా అభిప్రాయం. అతడు మొత్తం 758 ఆటల్లో 951 ఇన్నింగ్స్ వేసి 1,143 మందిని స్ట్రైక్‌అవుట్ (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) చేశాడు. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు దాదాపు 10.8 మంది. ఒక ఇన్నింగ్స్‌లో తీయవలసినవి మూడు అవుట్లు అయితే, అందులో ఒకదానికి పైగా ఫీల్డర్ల సాయం లేకుండా తానే తీశాడన్నమాట. పదిహేను సీజన్ల పాటు, నలభయ్యో పడికి దగ్గరయ్యేదాకా అలా వేయగలిగినవాడికి ఎక్కడికి వెళ్లినా పని దొరకడంలో వింత లేదు.

ప్రశ్న: రిలీఫ్ పిచర్ అంటే మన పార్ట్‌టైమ్ బౌలర్ లాంటివాడా? 'సేవ్' అని లెక్క వేస్తారే, అదేమిటి?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పార్ట్‌టైమ్ బౌలర్‌తో పోలిక కుదరదు. ఆటను మొదలుపెట్టే పిచర్ అలసిపోయినా, పరుగులు ఎక్కువ ఇచ్చినా అతడి స్థానంలో వచ్చేవాడు రిలీఫ్ పిచర్. అది అతడి పూర్తికాలపు వృత్తి. బేస్‌బాల్‌లో ఒకసారి మైదానం వదిలిన ఆటగాడు ఆ రోజు మళ్లీ దిగకూడదు కాబట్టి, ఎవరిని ఎప్పుడు దింపాలన్నది జట్టును నడిపే మేనేజర్‌కు పెద్ద తలనొప్పి. రిలీఫ్ పిచర్లు తమ వంతు కోసం కూర్చుని, పిలుపు రాగానే చేయి వేడెక్కించుకునే చోటును బుల్‌పెన్ అంటారు. డోటెల్ తొలి రోజుల్లో ఆటలు మొదలుపెట్టేవాడు. కాని అలా మొదలుపెట్టినవి మొత్తం 34 మాత్రమే. మిగిలిన 724 ఆటల్లోనూ మధ్యలోనో చివర్లోనో వచ్చినవాడే.

సేవ్ అనే లెక్క 1969 నుంచి అధికారికంగా ఉంది. తన జట్టు ఆధిక్యంలో ఉండగా వచ్చి, దానిని నిలబెట్టి ఆట ముగించిన పిచర్‌కు అది దక్కుతుంది. వచ్చేసరికి ఆధిక్యం మూడు పరుగులకు మించకుండా ఉండి అతడు కనీసం ఒక ఇన్నింగ్స్ వేయాలి. లేదా స్కోరు సమం చేయగల ప్రత్యర్థి బేస్ (పరుగు తీసేవాడు ఆగే చోటు) మీదనో, బ్యాటింగ్‌కో, ఆ వెంటనే వచ్చే వంతులోనో ఉండాలి. అదీ కాకపోతే చివరి మూడు ఇన్నింగ్స్ చక్కగా వేసి ముగించాలి. జట్టు గెలిచిన ప్రతిసారీ ఆ గెలుపును ఒక పిచర్ ఖాతాలో రాస్తారు; ఆ పిచర్‌కు సేవ్ ఇవ్వరు.

ఈ లెక్కలో ఒక అన్యాయం ఉంది, అది డోటెల్‌కు బాగా తగిలింది. 2002లో హ్యూస్టన్‌కు 83 ఆటల్లో వేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.85 పరుగులు మాత్రమే ఇచ్చాడు. అతడి జీవితంలో అంతకంటే మెరుగైన ఏడాది లేదు. కాని ఆ ఏడాది అతడికి దక్కిన సేవ్‌లు ఆరే. ఎందుకంటే అతడిది ఎనిమిదో ఇన్నింగ్స్. తొమ్మిదో ఇన్నింగ్స్ బిల్లీ వాగ్నర్‌ది. 2025లో బేస్‌బాల్ దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన వాగ్నర్ ముందు ఇంకెవరికైనా అదే గతి పట్టేది. వాగ్నర్ ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయాక 2004లో తొమ్మిదో ఇన్నింగ్స్ డోటెల్‌కు దక్కింది. ఆ సీజన్‌లో 36 సేవ్‌లు సాధించాడు, కాని వాటిలో 14 మాత్రమే హ్యూస్టన్‌కు. మిగిలిన 22 ఓక్లాండ్‌కు. కోరుకున్న కుర్చీ చేతికొచ్చిన మూడు నెలలకే ఊరు మారవలసి వచ్చింది.

ప్రశ్న: అతడు ఆడినవాటిలో తప్పక చెప్పుకోవలసిన ఆట ఏది?
— ఒక డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: రెండు చెబుతాను. మొదటిది 2003 జూన్ 11న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో జరిగింది. హ్యూస్టన్ తరఫున ఆట మొదలుపెట్టిన రాయ్ ఆస్వాల్ట్ ఒక్క ఇన్నింగ్స్ వేసి, రెండోది మొదలవుతుండగానే గజ్జ దగ్గరి కండరం పట్టేయడంతో వెళ్లిపోయాడు. ప్రధాన పిచర్ అంత తొందరగా పోతే ఆ రోజు ఓటమికి సిద్ధపడడమే సాధారణం. అయితే పీట్ మున్రో, కిర్క్ సార్లూస్, బ్రాడ్ లిడ్జ్, డోటెల్, వాగ్నర్ వరుసగా వచ్చి, ఆరుగురూ కలిసి యాంకీస్‌కు ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా 8-0తో గెలిపించారు. యాంకీస్‌కు 1958 తరువాత అలాంటి పరాభవం జరగడం అదే మొదటిసారి.

ఎనిమిదో ఇన్నింగ్స్ డోటెల్‌ది. అందులో అతడు ముగ్గురిని కాదు, నలుగురిని స్ట్రైక్‌అవుట్ చేశాడు. మూడు అవుట్లకు ముగిసే ఇన్నింగ్స్‌లో నాలుగు ఎలా వచ్చాయని మీరు అడగవచ్చు. మొదటి బేస్ ఖాళీగా ఉన్నప్పుడు మూడో స్ట్రైక్ బంతిని బ్యాటర్ వెనుక కూర్చునే క్యాచర్ నేరుగా పట్టుకోలేకపోతే, బ్యాటర్ పరుగెత్తి మొదటి బేస్ చేరుకోవచ్చునని నియమం. డోటెల్ వేసిన బంతికి అల్ఫోన్సో సోరియానో బ్యాట్ ఊపి తప్పాడు, కాని బంతి క్యాచర్‌కు అందకుండా పోవడంతో బతికిపోయి మొదటి బేస్ చేరాడు. స్ట్రైక్‌అవుట్ లెక్కలో చేరింది గాని అవుట్ రాలేదు. ఆ వెనుక వచ్చినవాళ్లు డెరెక్ జీటర్, జేసన్ జియాంబీ. హిట్ లేని ఆట చేజారిపోవడానికి అంతకంటే అనువైన సందర్భం ఉండదు. ఇద్దరినీ స్ట్రైక్‌అవుట్ చేసి ఇన్నింగ్స్ ముగించాడు.

రెండోది మన గుంటూరు పాఠకుడి అబ్బాయికి నచ్చే ఆట. 2011లో సెయింట్ లూయిస్, మిల్వాకీ జట్ల మధ్య, తుది పోరుకు ముందు మెట్టయిన నేషనల్ లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్ ఐదో ఆట. సెయింట్ లూయిస్ 4-1 ఆధిక్యంలో ఉంది. ఐదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యారు. బేస్‌ల మీద ఇద్దరు ఉన్నారు. రాబోయేది మిల్వాకీ ప్రధాన బ్యాటర్ రయన్ బ్రాన్. మరొక్క అవుట్ తీస్తే పిచర్ హైమీ గార్సియాకు అయిదు ఇన్నింగ్స్ పూర్తయి గెలుపు అతడి ఖాతాలో పడుతుంది. మేనేజర్ టోనీ లరూసా ఆ మాట పట్టించుకోలేదు. నడుచుకుంటూ వెళ్లి గార్సియా చేతిలో బంతి తీసుకుని డోటెల్‌ను పిలిచాడు. బ్రాన్‌ను డోటెల్ స్ట్రైక్‌అవుట్ చేశాడు. జట్టు 7-1తో గెలిచింది, గెలుపు డోటెల్ ఖాతాలో పడింది. ఆ సిరీస్‌లో సెయింట్ లూయిస్ ప్రధాన పిచర్లందరూ కలిసి 24 ఇన్నింగ్స్‌కు కాస్త ఎక్కువ వేస్తే, రిలీఫ్ పిచర్లు 28కి పైగా వేశారు. ఆ నెలలోనే జట్టు తుది పోరు అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది. ఒక్క బ్యాటర్ కోసం ఒక పిచర్‌ను దింపే ఈ ఎత్తుగడకు 2020లో గండి పడింది. వచ్చిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఇన్నింగ్స్ ముగించాలి అని ఆ ఏడాది నియమం తెచ్చారు. ఆట వేగం పెరగాలని చేసిన ఈ మార్పు వల్ల ఒకే రకం బ్యాటర్ మీద బతికే పాత పిచర్లు చాలామందికి దారి మూసుకుపోయింది. లరూసా ఆడించిన ఆ చదరంగం చూసినవాళ్లకు ఇది లోటుగానే కనిపిస్తుంది.

ప్రశ్న: ఆటగాడి ఇష్టాయిష్టాలు అడగకుండానే మరో జట్టుకు ఇచ్చేస్తారా? దీనికి తగిన జీతమైనా ఉంటుందా?
— ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: చాలామందిని అడగరు. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండేవరకు ఆటగాడు తన జట్టుకే కట్టుబడి ఉంటాడు, లేదా ఆ జట్టు ఎవరికి ఇస్తే వారికి. ఆరేళ్లు నిండాక ఒప్పందం ముగిస్తే తనకు నచ్చినచోటికి వెళ్లవచ్చు, కాని కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టిన తరువాత ఆ జట్టు కూడా అతడిని మార్చేయవచ్చు. పదేళ్ల సర్వీసు ఉండి, అందులో చివరి ఐదేళ్లూ ఒకే జట్టులో గడిపినవాడికి మాత్రం మార్పిడిని కాదనే హక్కు వస్తుంది. ఈ నియమంలోని మెలిక గమనించండి: ఎక్కువగా ఊళ్లు తిరిగినవాడికే ఆ హక్కు ఎప్పటికీ రాదు. డోటెల్ ఒక జట్టులో అత్యధికంగా ఉన్నది హ్యూస్టన్‌లో నాలుగున్నర సీజన్లు. పదేళ్ల సర్వీసు దాటినా, పోనని చెప్పే అధికారం అతడికి ఏ రోజూ లేదు.

జీతం మాటకు వస్తే, డోటెల్ అదృష్టవంతుడే. 2008, 2009 సీజన్లకు షికాగో వైట్ సాక్స్ అతడికి కోటీ పది లక్షల డాలర్లు ఇచ్చింది. 2011లో మేజర్ లీగ్ కనీస వేతనం ఏడాదికి 4,14,000 డాలర్లు. 2025 నాటికి అది 7,60,000 అయింది. కాని పేరు తెలియని రిలీఫ్ పిచర్లలో చాలామంది మేజర్ లీగ్‌కూ, దాని కింది మెట్టయిన ట్రిపుల్-ఏకూ మధ్య తిరుగుతూనే ఉంటారు. ట్రిపుల్-ఏ కనీస వేతనం 2023లో ఆటగాళ్ల సంఘం చేసుకున్న తొలి ఒప్పందంతో పెరిగి 35,800 డాలర్లకు చేరింది. అంతకుముందు సగం కూడా ఉండేది కాదు. ఒకే కుర్రవాడిని వారం వారం కిందికీ పైకీ పంపడం మరీ ఎక్కువ కావడంతో, 2022 నుంచి ఒక సీజన్‌లో ఐదుసార్లకు మించి కిందికి పంపకూడదని కట్టడి పెట్టారు. మీరు బ్యాంకు ఉద్యోగి కాబట్టి పింఛను సంగతి కూడా అడగబోతారు. మేజర్ లీగ్‌లో 43 రోజుల సర్వీసు ఉంటే కొంత పింఛనుకు అర్హత వస్తుంది, పదేళ్లుంటే పూర్తి పింఛను. అందుకే 40 రోజుల దగ్గర ఆగిపోయిన పిచర్‌కు ఆఖరి మూడు రోజులకు ఎంత విలువో లెక్కలు తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: నేను ఫాస్ట్ బౌలర్‌ను, మోచేయి నొప్పిగా ఉంటోంది. పిచర్లు చేయించుకునే 'టామీ జాన్' ఆపరేషన్ నాకు పనికివస్తుందా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అది ముందు ఎముకల డాక్టరు చూసి తేల్చవలసిన విషయం, పత్రికలో చెప్పదగినది కాదు. తెలుసుకోవడానికి మాత్రం చెబుతాను. మోచేతి లోపలి వైపు ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు తెగిపోతే, శరీరంలో మరోచోటి నుంచి, ఎక్కువగా ముంజేతి నుంచి, స్నాయువు తీసి దాని స్థానంలో అమరుస్తారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచర్‌కు తొలిసారి చేశారు. మోచేయి మడిచి బలంగా విసిరే పిచర్లలో ఈ గాయం సాధారణం. చేయి చాచి వేసే క్రికెట్ బౌలర్లకు వెన్ను, భుజం, చీలమండ గాయాలే ఎక్కువ. డోటెల్‌కు ఈ ఆపరేషన్ 2005 జూన్‌లో జరిగింది. మరుసటి ఏడాది యాంకీస్ అతడికి ఇరవై లక్షల డాలర్లు ఇచ్చి, కోలుకునే దాకా ఎదురుచూసి, 14 ఆటల్లో మాత్రమే వాడుకోగలిగింది. ఆ తరువాత కూడా ఏడు సీజన్లు ఆడాడంటే ఆపరేషన్ ఫలించినట్టే.

ప్రశ్న: డోటెల్ ఇప్పుడు ఏం చేస్తున్నాడు? పదమూడు జట్ల రికార్డు ఇంకా అతడిదేనా?
— ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: విచారకరమైన సంగతి ముందు చెప్పాలి. 2025 ఏప్రిల్ 8న శాంటో డొమింగోలోని జెట్ సెట్ నైట్‌క్లబ్‌లో, మెరెంగే అనే డొమినికన్ సంగీతం పాడే రూబీ పెరెస్ కచేరీ జరుగుతుండగా పైకప్పు కూలి 230 మందికి పైగా చనిపోయారు. గాయకుడు కూడా వారిలో ఉన్నాడు. శిథిలాల నుంచి ప్రాణాలతో బయటికి తీసిన డోటెల్ ఆసుపత్రికి చేరేలోగానే మరణించాడు. వయసు 51. 2013లో ఒక్క ఓటమి లేకుండా, దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ గెలిచిన డొమినికన్ జట్టులో అతడు కూడా సభ్యుడు.

రికార్డు అతడిది కాదు. 2019 మే 15న ఎడ్విన్ జాక్సన్ టొరంటో బ్లూ జేస్ తరఫున శాన్ ఫ్రాన్సిస్కోలో బంతి వేసి పద్నాలుగో జట్టు పూర్తిచేశాడు. ఇందులో ఒక తమాషా ఉంది. 2011 జూలై 27న డోటెల్‌ను సెయింట్ లూయిస్‌కు పంపిన మార్పిడిలోనే జాక్సన్ కూడా ఉన్నాడు. ఆ ఉదయం షికాగో వైట్ సాక్స్ అతడిని టొరంటోకు ఇచ్చింది, టొరంటో అదే రోజు సెయింట్ లూయిస్‌కు ఇచ్చింది. చేతిలో పడి కొన్ని గంటలైనా ఉంచుకోని ఆ టొరంటోనే ఎనిమిదేళ్ల తరువాత అతడికి రికార్డు కట్టబెట్టింది. జాక్సన్, డోటెల్ ఇద్దరికీ ఉన్న వరల్డ్ సిరీస్ విజేతల ఉంగరం ఒక్కటే, అదీ 2011లో సెయింట్ లూయిస్‌తో కలిసి సంపాదించుకున్నదే.